చేలో నీళ్లు ఎన్నాళ్లు నిలిచాయి

దశాంశ బిందువు తర్వాత రెండు అంకెలున్న లెక్క ఏది కనబడినా నాకు ఒళ్లు మండుతుంది. అలాంటివి మూడేళ్లు నేనే తయారుచేశాను కాబట్టి ఆ మంటలో సగం నా మీదే.

గవర్నర్‌పేటలో ఒక లాడ్జి పై అంతస్తులో ఉండేది మా ఆఫీసు. సబ్బులు, బిస్కెట్లు, బియ్యం అమ్మే కంపెనీలు మా దగ్గరికి వచ్చేవి. వాళ్ల సరుకు తయారీలో భూమిని వేడెక్కించే వాయువు ఎంత బయటికి పోతుందో మేం లెక్కగట్టి ఇస్తే, దాన్ని పచ్చటి ఆకు బొమ్మ పక్కన ప్యాకెట్ మీద అచ్చేసుకునేవారు. ఒక బియ్యం కంపెనీ పని నాకు పడింది. వరిచేలో నీళ్లు ఎక్కువ రోజులు నిలిస్తే మట్టిలోంచి మీథేన్ అనే అలాంటి వాయువే ఎక్కువ వస్తుంది. అందుకని డెల్టాలో ఊరూరూ తిరిగి నేను అడగాల్సిన ముఖ్యమైన ప్రశ్న ఒకటే, చేలో నీళ్లు ఎన్నాళ్లు నిలిచాయని.

దివిసీమలో, కాలవ చివరనున్న ఒక ఊళ్లో, అరవై దాటిన రైతు ఒకాయన నాకు కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చారు. "పంటకాలమంతా మునిగే ఉందమ్మా, రాసుకోండి" అన్నారు. చుట్టూ చేరినవాళ్లంతా అవునంటే అవునన్నారు. ఏ ఊళ్లోనూ ఇంత ఒక్కమాటగా జవాబులు రాలేదని మురిసిపోయి రాసుకున్నాను.

లెక్క తేలాక ఆ ఊరి అంకె మిగతా ఊళ్లకంటే చాలా ఎక్కువ వచ్చింది. అక్కడి ధాన్యం కొనడం మానేస్తే ప్యాకెట్ మీద అంకె తగ్గుతుంది కదా అన్నారు కంపెనీవాళ్లు. అదే వారం ఆ రైతు ఫోన్ చేశారు.

"మేడం గారూ, పంటనష్టం లిస్టు ఎప్పుడు పెడతారండీ?"

తుఫాను వెళ్లిన ప్రతిసారీ నష్టపరిహారం రాయడానికి కాగితాలు పట్టుకుని వచ్చే ప్రభుత్వంవాళ్లు అడిగేది కూడా నా ప్రశ్నే, చేలో నీళ్లు ఎన్నాళ్లు నిలిచాయని. వాళ్లకు తక్కువ రోజులు చెప్పేంత అమాయకుడు ఎవడుంటాడు? నేనెందుకొచ్చానో మొదటే విప్పి చెప్పాల్సింది నేను. ఎం.టెక్. వెలగబెట్టిన బుర్రకు ఆ మాత్రం తట్టలేదు.

మర్నాడే బస్సెక్కి వెళ్లి జరిగింది చెప్పాను. ఆయన ముఖం మాడిపోయింది. "అయితే తక్కువ చెప్పాలన్నమాట. పది రోజులే అని రాయండమ్మా" అన్నారు.

"ఎక్కువా వద్దు, తక్కువా వద్దు, నిజం చెప్పండి!" అని అరిచాను.

"నిజం మాకు మాత్రం ఏం తెలుసమ్మా? కాలవ వదిలితే వచ్చాయి, మురుగు లాగితే పోయాయి. మధ్యలో వానొకటి. గట్టు మీద కూర్చుని రోజులు లెక్కెట్టామా? మీరు మాత్రం లెక్కెట్టారా?"

ఆ మూడేళ్లలో నేను విన్న జవాబుల్లో నిజాయితీ గలది అదొక్కటే. ఆఫీసుకొచ్చి, ఆ ఊరికి ఒకే అంకె వేయడం మాని ఇంత నుంచి ఇంత దాకా అని రాశాను. ఆ రెండు కొసల మధ్య మిగతా ఊళ్లన్నీ ఇమిడిపోయాయి. అంటే, ఈ ఊరు వాటికంటే చెడ్డదని ఎవరూ చెప్పలేరు. అదే మా డైరెక్టర్‌కు చెప్పాను.

"ప్యాకెట్ మీద 'ఏమో' అని వేయిస్తామా అమ్మా?" అని నవ్వాడు. "కొనేవాడికి ఒక్క అంకె కావాలి. పాత జవాబులే ఉంచు."

"అవి కాకిలెక్కలండీ."

"తెచ్చిందెవరు?"

ఆ నవ్వంటే ఇప్పటికీ నాకు అసహ్యమే. కానీ పాత జవాబులతోనే వెళ్లిన రిపోర్టు చివరి పేజీలో సంతకం పెట్టింది నేనే. ఉద్యోగం పోతుందని భయం, అంతే. దానికి గొప్ప కారణాలేం వెతకను.

కోతలయ్యాక ఆ రైతు మళ్లీ ఫోన్ చేశారు. చుట్టుపక్కల ఊళ్ల ధాన్యం లారీలెక్కి పోయిందట, వాళ్లది మాత్రం కళ్లంలోనే ఉందట. మబ్బు పట్టిందట.

"మీరొచ్చి రాసుకెళ్లారే, దానివల్ల కాదుగదమ్మా?"

ఆ ఉద్యోగంలో ఏ అనుమానమూ లేకుండా నాకు జవాబు తెలిసిన ప్రశ్న అదొక్కటే.

"సరిగ్గా చెప్పలేనండీ" అన్నాను.