రాయిని ఎటు తోస్తారు?

మా బాబాయికి ఎవరి మాటా ఒక పట్టాన నమ్మకం కుదరదు. తాడేపల్లిగూడెంలో లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. ఉల్లిపాయల తూకం దగ్గర నుంచి టీవీలో వానకబురు దాకా, ప్రతిదాన్నీ ఒకసారి తిరగేసి చూసుకుంటే గాని ఆయనకి ఊపిరాడదు. నేను ఏలూరులో ఒక కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. అందుకని ఆకాశానికి సంబంధించిన అనుమానాలన్నీ నా దగ్గరకే వస్తాయి.

ఆ మధ్య ఒక గ్రహశకలం కొన్నేళ్ళలో భూమిని ఢీకొట్టవచ్చని వార్తలు వచ్చాయి. మొదట అవకాశం చాలా తక్కువన్నారు. తరవాత వార్త వార్తకీ ఆ అంకె కాస్త పెరుగుతూ వచ్చింది. ఆ రోజుల్లో నేను కాలేజీకి బయల్దేరే వేళకి బాబాయి దగ్గర్నుంచి ఫోను వచ్చేది.

"ఏమ్మా, మళ్ళీ పెంచారు, చూశావా? నిన్న తెలియనిది ఇవాళెలా తెలిసింది వీళ్ళకి?"

"పెంచడం కాదు బాబాయ్. తుఫానొచ్చేటప్పుడు మొదట నెల్లూరుకీ కాకినాడకీ మధ్య ఎక్కడైనా తీరం దాటొచ్చంటారు కదండీ. తరవాత బందరుకీ నరసాపురానికీ మధ్య అంటారు. అది ఇరుకైనా మనం ఇంకా అందులోనే ఉంటే మనకి భయం పెరిగినట్టే ఉంటుంది. చివరికి మనల్ని వదిలేసి పోవచ్చు కూడా."

"తుఫాను పోయాక నా పెరట్లో అరటిచెట్లు చూసుకుంటే నిజం తెలుస్తుంది. దీని సంగతి వాళ్ళు చెబితేనే కదా నాకు తెలిసేది? అదీ నా అనుమానం."

చాలా దేశాలవాళ్ళు చూస్తున్నారు, ఒకరు దాస్తే ఇంకొకరు బయటపెడతారు అని చెప్పేదాన్ని. "అందరూ కలిసి దాస్తే?" అనేవారు. ఆయనకి వేళాకోళం తెలియదు. నిజంగానే అడిగేవారు.

ఇంతలో గుండుగొలను దగ్గర ఒక హైస్కూల్లో హెడ్మిస్ట్రెస్‌గా ఉన్న నా స్నేహితురాలు కబురు చేసింది. పిల్లలు బెదిరిపోయారట. ఎలాగూ రాయి పడుతుంటే పరీక్షలెందుకని కొందరు పుస్తకాలు మూసేశారట. శనివారం మధ్యాహ్నం వచ్చి నాలుగు మాటలు చెప్పమంది. పెద్దవాళ్ళని కూడా రమ్మంటానంది. ఈ సంగతి విని బాబాయి తానూ వస్తానన్నారు. ప్యాసింజరులో ఏలూరు వచ్చారు. ఇద్దరం బస్సెక్కి వెళ్ళాం.

ఆ స్కూలుకి కొల్లేటి వైపు ఊళ్ళ నుంచి పిల్లలు వస్తారు. మా పొలాలున్న ఊరు కూడా వాటిలో ఒకటి. మా ఊరికీ అవతలి ఊరికీ మధ్య కొల్లేట్లోకి పోయే మురుగు డ్రెయిను ఒకటుంది. అంతకుముందు వానాకాలంలో అది పొంగి అవతలి గట్టు తెగింది. ఆ ఊరి వరిచేలూ చేపల చెరువులూ ఏకమైపోయాయి. మా చేలు తప్పించుకున్నాయి. గట్టు దానంతట అదే తెగిందని మావాళ్ళంటారు. మీవాళ్ళే పడవలో వచ్చి గండి కొట్టారని వాళ్ళంటారు. ఏదీ తేలలేదు. అప్పటి నుంచి రెండు ఊళ్ళవాళ్ళూ ఒకే ఆటోలో ఎక్కినా మొహాలు చెరో పక్కకి తిప్పుకుని కూర్చుంటారు. ఆ శనివారం హాల్లోనూ అలాగే, నడవాకి ఇటు మావాళ్ళు, అటు వాళ్ళు కూర్చున్నారు.

నేను పిల్లలకి ధైర్యం చెప్పాను. ముందుగా కనిపెడితే దారి ఉందన్నాను. అమెరికావాళ్ళు ఒక చిన్న యంత్రాన్ని పంపి ఒక శకలాన్ని గుద్దించి, అది తిరిగే దారిని కాస్త మార్చి చూపించారన్నాను. "దాన్ని పగలగొట్టక్కర్లేదు. కొన్నేళ్ళ ముందే కాస్త నెమ్మదింపజేస్తే చాలు. అది వచ్చేసరికి భూమి ఆ చోటు దాటి వెళ్ళిపోతుంది. మన ఆటో గేటు దాటాక రైలు వచ్చినట్టు." పిల్లలు నవ్వారు. నాకూ తృప్తిగా అనిపించింది.

అప్పుడు వెనక బెంచీలోంచి బాబాయి లేచారు.

"బాగుందమ్మా. తోశారు, కానీ తోపు చాలలేదనుకో. అప్పుడేమవుతుంది?"

అబద్ధం చెప్పలేకపోయాను. "మొదట పడాల్సిన చోట కాకుండా కొంచెం పక్కన పడుతుందండీ. నెమ్మదించిన కొద్దీ పడే చోటు భూమి మీద జరుగుతూ పోతుంది. చాలినంత తోస్తేనే పూర్తిగా తప్పిపోతుంది."

"అంటే ఒక దేశం మీద పడాల్సింది ఇంకో దేశం మీద పడొచ్చు."

"పడొచ్చు."

"ఎటు తోయాలో ఎవరు చెబుతారు?"

"దానికి దేశాలన్నీ కూర్చుని మాట్లాడుకుంటాయండీ," అన్నాను. నా మాట నాకే బలంగా అనిపించలేదు.

అటువైపు నుంచి ఒకాయన లేచాడు. ఆ వరదలో చెరువు కొట్టుకుపోయిన మనిషి. పిల్లల వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. "ఏవండీ మాస్టారూ, అంత దూరం ఎందుకండీ? మన డ్రెయిను దగ్గర ఎటు తోయాలో ఎవరు చెప్పారండీ? ఆ రోజు మీరు గట్టు మీద ఉన్నారు కదా, చెప్పండి."

మావాళ్ళు కొందరు లేచి నిలబడ్డారు. హెడ్మిస్ట్రెస్ పిల్లల్ని బయటికి పంపమని టీచర్లకి సైగ చేసింది. నేను బాబాయి వైపు చూశాను. ఆ రోజు ఆయన అక్కడున్నారన్న సంగతి నాకు అప్పటిదాకా తెలియదు.

ఆయన చేతికర్రని బెంచీకి ఆనించి మెల్లగా అన్నారు. "పొలం చూసుకుందామని వచ్చి, సాయంత్రం దాకా ఉన్నానండీ. మీ గట్టు తెగలేదు అప్పటికి. తరవాత నేను ఇంటికి వెళ్ళిపోయాను. మావాళ్ళు తవ్వారని నేననను. తవ్వలేదని ప్రమాణం మాత్రం చేయలేను."

మావాళ్ళు భగ్గుమన్నారు. "మనవాళ్ళ మీదే అనుమానమాండీ మీకు?" అని మా పక్క పొలమాయన గట్టిగా అరిచాడు. "నాకు అందరి మీదా అనుమానమే, నీకు తెలియనిదేముంది?" అన్నారు బాబాయి. అటువైపు మనిషి మెల్లగా కూర్చున్నాడు. ఎవరైనా ఒప్పుకుంటారని గాని, బొంకుతారని గాని అనుకుని వచ్చినట్టున్నాడు. ఈ మాట ఆ రెండిట్లో ఏదీ కాదు.

తిరిగి వచ్చే బస్సులో కిటికీ పక్కన బాబాయి కూర్చున్నారు. గుండుగొలను దాటాక అడిగాను.

"నిజంగా మీకేమీ తెలియదా బాబాయ్?"

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నారు. "చీకటిపడే వేళకి నలుగురు పలుగులు పట్టుకుని పడవ దగ్గర నిలబడటం చూశాను. మన గట్టు బలపరచడానికే అన్నారు. ఇంకొంచెం సేపుంటే తెలిసేది. అందుకే ఉండలేదు."

ఊరికి పొలం చూడటానికి వెళ్ళినప్పుడు నన్ను ఆప్యాయంగా పలకరించేవాళ్ళలో ఆ నలుగురెవరా అని మనసులో ఒక్కొక్క మొహాన్నీ తెచ్చుకుని చూసుకున్నాను. ఒక్కరిని కూడా తీసేయలేకపోయాను.

కొన్నాళ్ళకి ఆ రాయి భూమికి తగలదని తేల్చేశారు. నేనే బాబాయికి ఫోను చేసి చెప్పాను. "చూశావా, ఎంత చప్పున సర్దేశారో!" అన్నారు. నాకు నవ్వొచ్చింది. కానీ ఒక సంగతి ఒప్పుకోవాలి. యంత్రం మీద నాకు అనుమానం లేదు, లెక్క మీద అసలే లేదు. దాన్ని పంపే రోజున గదిలో కూర్చుని ఎటు తోయాలో తేల్చేవాళ్ళ మీద మాత్రం ఆ బస్సు ప్రయాణం నుంచీ అనుమానం పట్టుకుంది.

తరవాతి వానలు మొదలయ్యేలోగా బాబాయి రెండు ఊళ్ళకీ తిరిగారు. మా ఊళ్ళో కొందరు ఆయనకి మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. ఆయన అడిగింది ఒక్కటే. డ్రెయిను నిండినప్పుడు ఏ గట్టు మీదా ఒకే ఊరివాళ్ళు కాపలా ఉండకూడదు. ప్రతి చోటా ఒకరు ఇటువాళ్ళు, ఒకరు అటువాళ్ళు ఉండాలి. మంచిదని కాదు, పక్కవాణ్ణి కనిపెట్టుకుని ఉండొచ్చని రెండు ఊళ్ళూ ఒప్పుకున్నాయి.

ఆ ఏడు డ్రెయిను మళ్ళీ అంచులదాకా వచ్చింది. ఒక మధ్యాహ్నం వాన తెరిపిచ్చాక నేనూ వెళ్ళి చూశాను. గట్టు మీద ఒకే టార్పాలిన్ పట్టా కప్పుకుని మా పక్క పొలమాయనా, ఆ రోజు హాల్లో లేచిన చెరువాయనా కూర్చుని ఉన్నారు. నీళ్ళు కాళ్ళ కింద మట్టిరంగులో తోసుకుపోతున్నాయి. ఇసుక బస్తాలు ఇద్దరూ కలిసే పేర్చినట్టున్నారు, బట్టలన్నీ ఒకే బురద.

"అయితే నమ్మకం కుదిరిందాండీ?" అని చెరువాయన్ని అడిగాను.

"నమ్మకమేంటండీ మేడం గారూ," అన్నాడు నీళ్ళ మీంచి చూపు తిప్పకుండా. "ఈయన కునుకు తీస్తే నేను లేపుతున్నానండీ. నేను తీస్తే ఈయన లేపుతున్నాడు."