ఆది కోటు

నాటకాలకు బట్టలు కుట్టే కత్తెరక్క చేతిలోని బ్లేడు కోటు చంక కింది కుట్టును పటపటా తెంపుకుంటూ పోతోంది. సాయంత్రం నాటకం. ఈ కోటుతోనే కథానాయకుడు ఆఖరి రంగంలో రెండు చేతులూ పైకెత్తాలి. ఇందాక వేసి చూస్తే భుజం దాటి చెయ్యి లేవలేదు.

ఆ వేషం కట్టే నటుడు మొన్న టీవీలో కూర్చుని, తనకు మగవాళ్లంటేనే ఇష్టమనీ, ఏళ్లుగా ఒకతనితో కలిసి ఉంటున్నాననీ చెప్పాడు. అప్పటినుంచి ఊరంతా అదే గొడవ. ఇలాంటివి బయట చెప్పుకోవాలా అని కొందరు, చెబితే నీకేం నొప్పి అని కొందరు. ఇవాళ గోల చేయడానికే టికెట్లు కొన్నవాళ్లు ఉన్నారని మేనేజరు వచ్చి చెప్పి, మళ్లీ వచ్చి చెప్పాడు. రంగం మీద కుట్టు పిగిలితే వాళ్లకు అంతకంటే ఏం కావాలి!

"కొలతలు ఎవరు తీశారు?" అంది కత్తెరక్క.

మిషను ముందున్న మరిది తలెత్తలేదు. "తీయలేదు వదినా. పాత కోటు ఆదికి పెట్టుకుని కోసేశా."

"మనిషి ఎదురుగా ఉండగా ఆది ఎందుకయ్యా?"

"టేపు పట్టుకుని మీదమీదకెళితే... మళ్లీ ఏమైనా అనుకుంటే?"

"నీ మొహం! నిన్ను చూసి మనసు పడేంత కరువొచ్చిందా ఆయనకి?"

టేపు మెడలో వేసుకుని తనే వెళ్లింది. నటుడు సగం రంగు పూసుకుని అద్దం ముందు అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఛాతీ చుట్టూ టేపు వేసి చూసింది. మళ్లీ వేసింది. పాత కొలత కంటే రెండంగుళాలు ఎక్కువ.

"ఒళ్లు చేశారేంటి బాబూ?"

"లేదక్కా. ఇదివరకు టేపు పడగానే ముడుచుకుపోయి ఊపిరి బిగబట్టేవాణ్ణి. ఎవరేం కనిపెడతారో అని. ఇవాళ మర్చిపోయా."

"హవ్వ! చంకలు పిగిలినప్పుడల్లా నేను దారాన్ని తిడుతూ వచ్చానే. ఇకమీదట కూడా మర్చిపోండి."

పరుగున వచ్చి, చంకల్లో అతుకు వేయడానికి మిగిలిన గుడ్డలోంచి రెండు ముక్కలు కోసింది. ఒక చంక తను పట్టింది, రెండోది మరిది ముందుకు తోసింది. గోడ అవతల జనం కుర్చీల్లో సర్దుకుంటున్నారు. ఎవడో ఈల వేశాడు. మరిది సూది గుచ్చుకుని చేయి విదిలించాడు.

"ఆ పక్క కుట్టు వదులైతే చెప్పు, నేను చూస్తా."

"వదులు కాదు వదినా. కుట్టు నాది." కాస్త రోషంగానే అన్నాడు.

కోటు ఇస్త్రీ చేసి అతని చేతికే ఇచ్చింది. గొణుక్కుంటూనే పట్టుకెళ్లాడు. వెనక నిలబడి నటుడికి తొడిగాడు.

"చేతులెత్తండి సార్... ఇంకా. ఊపిరి బాగా పీల్చి ఎత్తండి."

నటుడు ఎత్తాడు. కుట్టు కదల్లేదు. మరిది రెండు చంకలూ వేళ్లతో తడిమి చూసి, కాలరు సర్ది, పక్కకు తప్పుకున్నాడు.

"మీదే సార్ ఇక. వెళ్లండి."