ఫ్యాను ఆపి తూచిన బంగారం

గుడియాత్తం నుంచి పెద్దమ్మ ఫోన్ చేసి, “మీ పెదనాన్న పోయినాడమ్మా, బస్సెక్కు” అని పెట్టేసింది. వేలూరులో వంటింట్లో ఉన్నాను. కాసేపటికి గానీ ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డానని తెలియలేదు. ఆ అలవాటు ఆయన నేర్పిందే.

రక్తసంబంధం కాదు, బంగారం పని చేసే పక్కింటి ఆచారి. మాకు పుట్టినప్పటి నుంచీ పెదనాన్నే. బంగారం తూచే ముందు ఫ్యాను ఆపించేవాడు, వీధి తలుపు మూయించేవాడు. “ఊపిరి బిగబట్టమ్మా, అది గూడా తట్టలో కూర్చుంటాది” అనేవాడు. త్రాసు ముల్లు నిలిచేదాకా మేమంతా బొమ్మలమే. కరెంటు త్రాసు వచ్చాక కూడా ఆయన పద్ధతి మారలేదు.

నగను నల్లటి ఒరగల్లు మీద గీసేవాడు. పక్కనే తన మేలిమి పుల్లతో ఇంకో గీత గీసి, రెంటి మీదా ద్రావకం చుక్క వేసేవాడు. కల్తీ గీత చూస్తుండగానే మాయమయ్యేది. నిలిచిన గీతలను సాయంత్రం తేనెమైనం ముద్దతో అద్ది తీసేవాడు, ఆ పొడీ బంగారమే కదా. ముద్దను కాల్చి బంగారం తీసుకోవచ్చు, ఆయన తీయలేదు. “ఊరంతా ఉండాది దీంట్లో” అని చూపిస్తే నాకు భయం వేసేది.

అమ్మ ఆసుపత్రిలో పోయినప్పుడు తాళిబొట్టు తీసి నాన్న చేతికిచ్చింది మా మేనత్త. దాన్ని కరిగించి నాకూ చెల్లికీ ఉంగరాలు చేయిద్దామని నాన్న పెదనాన్న దగ్గరికి పట్టుకెళ్ళాడు. నేనూ వెళ్ళాను. పెళ్ళికి చేసిచ్చింది ఆయనే, బరువు ఆయనకు నోటికి వచ్చు. తూస్తే తగ్గింది.

నాన్న ముఖం మాడిపోయింది. “ఆస్పత్రిలో నా చెల్లెలొకతే గదన్నా ఉండింది” అన్నాడు. ఆ మాట వీధి దాటితే మేనత్త మళ్ళీ మా గడప తొక్కేది కాదు.

పెదనాన్న ఒరగల్లు అందుకున్నాడు. గీసి చూశాడు, రంగు అదే. భూతద్దం నాన్న చేతికిచ్చి, బొట్టుకు తాడు దూరే చోట చూడమన్నాడు. అక్కడ బంగారం దారంలా సన్నబడి ఉంది.

“దొంగైతే తుంచుతాడప్పా. ఇట్ల నున్నంగా అరగదీసే ఓపిక వానికి యాడిది? నీ పెండ్లాము దినామూ పసుపు రుద్దుకొన్నాది, బిడ్డల్ని ఎత్తుకొన్నాది. పోయిన బంగారం యాడికీ పోలేదు, మీ ఇంట్లోనే ఉండాది.”

నాన్న కరిగించనివ్వలేదు. మేనత్తను ఒక్క మాటా అడగలేదు. ఆవిడకు తమిళమే గానీ తెలుగు చదవడం రాదు కాబట్టే ధైర్యంగా రాస్తున్నాను. కానీ ఆయన మాట నన్ను వదల్లేదు. ఇల్లు ఊడుస్తుంటే ఎండలో దుమ్ము మెరిసిందంటే చాలు, నా చీపురు ఆగిపోతుంది. అమ్మ మెడకు ఆనిన నా చెంపను ఇప్పటికీ తడుముకుంటాను.

నేను వెళ్ళేసరికి ఆయన్ను హాల్లో పడుకోబెట్టారు. పోయినవాళ్ళ నోట్లో కాస్త బంగారం వేయడం ఆనవాయితీ. ఎవరో తమ ఉంగరం గీరబోతే పెద్దమ్మ వద్దంది. లోపలి నుంచి మైనం ముద్ద తెచ్చింది.

“ఇది చాలు. అందురూ ఉండారు దీంట్లో.”

అమ్మ గీత కూడా అందులోనే ఉంది. పెద్దమ్మ చిటికెడు తుంచింది. తలెత్తి ఫ్యాను వైపు చూసింది.

“ఫ్యాను కట్టండప్పా.”

రెక్కలు మెల్లగా ఆగాయి. ఎవరూ చెప్పకుండానే అందరం ఊపిరి బిగబట్టాం. మా మధ్యలో ఆయన, ముల్లు నిలవడం కోసం చూస్తున్నట్టు, కదలకుండా ఉన్నాడు.