విప్పిన కండెలు

ముసలివాళ్లకు పొద్దు పోయేలా చేయడం కూడా ఒక చదువేనని, దానికీ పరీక్ష ఉంటుందని ఎనభైల చివర్లో కరీంనగర్ వెళ్లేదాకా నాకు తెలియదు. ఇంటర్ పాసై ఇంట్లో ఈగలు తోలుకుంటున్న రోజులవి. నెల రోజులు తరగతులు, తర్వాత మూడు నెలలు ఏదైనా వృద్ధాశ్రమంలో పని. నేర్పించే మేడం ఒకే మాట పదేపదే చెప్పేది: చేసిన వస్తువు ముఖ్యం కాదు, వాళ్లతో చేయించడమే ముఖ్యం. ఆ మాట కింద ఎర్ర సిరాతో గీత గీసుకున్నాను. ఆ నోట్‌బుక్ ఇప్పుడు దొరికితే పొయ్యిలో పెడతాను.

నన్ను లక్సెట్టిపేట దగ్గరి ఆశ్రమానికి పంపారు. మొదటిరోజే అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి బంతి అందించే ఆట ఆడించాను. ఒక అవ్వ బంతిని కొంగులో పెట్టుకొని, "పోరగాండ్లు లేరా బిడ్డా నీకు, మాతోని ఆడుతున్నవ్?" అంది. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

నవ్వనిది మూల మంచం మీది తాత ఒక్కడే. ఒకప్పుడు మగ్గం నేసిన మనిషి. మరమగ్గాలొచ్చి చేతిపని పోయింది, భార్య పోయింది, పిల్లలు లేరు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. వంటామె పళ్లెం తీస్తూ రోజూ ఒకే మాట అనేది: "రెండు బుక్కలు గూడ తింటలేడు. గిట్లయితే ఎన్నొద్దులు బతుకుతడు?"

ఎవరో ఇచ్చిన పాత రాట్నం స్టోరుగదిలో దొరికింది. బజారు నుంచి నూలు తెచ్చి ఆయన ముందు పెట్టాను. తాత లేచి కూర్చున్నాడు. మగ్గం మీద అడ్డంగా పోయే పేక దారానికి వాడే కండెలు చుట్టడం మొదలుపెట్టాడు. చూపు సగం పోయినా దారం తెగితే వేళ్లకే తెలిసేది. కొసలు నాలుకకు తడుపుకొని, ఆవగింజంత ముడి వేసి, మిగిలిన దారం పంటితో కొరికేసేవాడు. ఆ మధ్యాహ్నం పచ్చిపులుసు మళ్లీ అడిగి పోయించుకున్నాడు. వంటామె నన్ను పిలిచి మరీ చూపించింది. నాకు కాళ్లు నేలమీద ఆనలేదు.

"ఇవి ఏ మగ్గానికి వోతయి బిడ్డా?" అని సాయంత్రం అడిగాడు.

"సిరిసిల్లకు తాతా" అన్నాను. ఆలోచించకుండా నోటికొచ్చింది.

నూలు నాలుగు రోజుల్లో అయిపోయింది. ఇంకా కొనడానికి పైవాళ్లు ఒప్పుకోలేదు. అప్పుడు నాకు మేడం చెప్పిన మాట గుర్తొచ్చింది. సాయంత్రం అందరూ అన్నాలకు వెళ్లగానే స్టూలు తిరగేసి, దాని కాళ్లకు ఆ కండెల దారమంతా విప్పి చుట్టి, బజారు నూలులా చిలపల చుట్టలు చేసి, పొద్దున్నే కొత్త నూలని ఇచ్చేదాన్ని. మూడు వారాలు అలా చేశాను. "నీ కండెలు మంచిగున్నయంటున్నరు తాతా" అని కూడా చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయేది. మేడం వచ్చి చూసి నా వీపు తట్టింది.

ఒకరోజు రాట్నం ఆగింది. తాత దారాన్ని బొటనవేలి మీద మెల్లగా జరుపుకుంటూ పోతున్నాడు. ఒకచోట ఆగాడు. మళ్లీ జరిపి ఇంకోచోట ఆగాడు.

"ఈ ముడి నాది" అన్నాడు. "ఇది గూడ నాదే."

నేతపని చేసేవాళ్లు ఎవరి ముడిని వాళ్లు వేళ్లతో గుర్తుపడతారని నాకేం తెలుసు! మా తరగతిలో ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి వాళ్లకు తెలిస్తే కదా. తాత నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. రాట్నాన్ని నెమ్మదిగా పక్కకు జరిపి గోడవైపు తిరిగాడు.

పళ్లెం మళ్లీ అట్లాగే తిరిగి రాసాగింది. నేను ఊళ్లో మగ్గం ఉన్న ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి, వాళ్ల కాళ్లావేళ్లా పడి, నిజంగా నేతకు పోయే నూలు తెచ్చాను.

"ఇది ఒట్టిది కాదు తాతా. నిజంగనే మగ్గానికి వోతది. నీ మీద ఒట్టు."

"అప్పుడు గూడ గట్లనే జెప్పినవ్ గద బిడ్డా" అన్నాడు. గొంతులో కోపం లేదు.

ఆ మంచం పక్కనే కింద కూర్చొని నేనే చుట్టడం మొదలుపెట్టాను. నాకు రాదు. కండె వదులుగా వచ్చి దారం జారి చిక్కుపడుతోంది. అంత చెత్తపని కళ్లముందు జరుగుతుంటే నేత మనిషి చూస్తూ ఊరుకోలేడని, చేతిలోంచి లాక్కుంటాడని నా ఆశ. తాత తల తిప్పి చూశాడు. చెయ్యి కొంచెం లేచింది.

ఆ చేత్తో దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు.