నాలుగు గంటల కాఫీ, రెండో పిలుపు

మా వంశంలో జర్మన్ చదివిన మొదటివాణ్ణి నేనే. ఆ మాటకొస్తే, పరీక్ష రాసి పాసవ్వాల్సిన అవసరం పడిన మొదటివాణ్ణి కూడా నేనే. జాగీరు పోయి, తాండూరులో మా ఇంటి ముందుభాగం బండల వ్యాపారికి కిరాయికి ఇచ్చాక, నన్ను ఏం చదివించాలన్న మాట వచ్చింది. వకీలు చదువు వద్దన్నాను. ఒకప్పుడు మా గడప ముందు నిలబడినవాళ్ల కొడుకులతో ఆ తరగతి నిండిపోయింది. ఇంగ్లీషైతే స్టేషన్ మాస్టరుకు కూడా వచ్చు. జర్మన్ మా తాలూకాలో ఎవరికీ రాదు. నాకు అది చాలు.

హైదరాబాదులో విశ్వవిద్యాలయంలో మాకు పాఠం చెప్పిన పంతులమ్మ జర్మనీ నుంచి వచ్చిన పెద్దావిడ. నెరిసిన జుట్టు, చేతికి మగవాళ్ల గడియారం. ఎంత చిన్న విద్యార్థినైనా మీరు అనే అనేవారు. అది నాకు నచ్చింది. వాళ్ల సాహిత్యం నిండా అడవులే. కథలో ఎవరికి దిగులు పుట్టినా లేచి అడవిలోకి నడుస్తారు. నేను చూసిన అడవి అనంతగిరి ఒక్కటే కనుక, ఆ కథల్లోని వాళ్లందరూ నా మనసులో అక్కడే మోదుగు చెట్ల కింద తిరిగేవారు.

మొదటి ఏడాది చివర మౌఖిక పరీక్ష రోజున నాకు మలేరియా. ఆవిడ ఇంకో అవకాశం ఇచ్చారు. "సెలవుల్లో గాలి మార్పుకు వికారాబాదులో ఉంటున్నాను. ఆదివారం నాలుగు గంటలకు కాఫీకి రండి, మాట్లాడదాం. మాట్లాడగలిగితే రెండో ఏడాది. లేకపోతే మళ్లీ మొదటి పాఠం."

మొదటి పాఠమంటే ఇది బల్ల, ఇది కుర్చీ. నాకంటే చిన్నవాళ్ల మధ్య కూర్చుని బల్లను బల్ల అనడం మా ఇంటివాడు చేయవలసిన పని కాదు.

ఇక్కడ మా ఇంటి మర్యాద చెప్పాలి. మాకు పిలుపు రెండుసార్లు రావాలి. మొదటిది ఫలానా రోజని చెప్పడానికి. రెండోది, వంట అయ్యాక మనిషి వచ్చి దయచేయండి అనడానికి. పరాయి ఊరైతే ఊరి మొదట్లో ఆగుతాం. వాళ్ల మనిషి ఎదురొచ్చి తీసుకుపోతాడు. రెండో పిలుపు లేకుండా పోయేవాడు తిండికి పోయినవాడు.

అందుకని ఆదివారం నాడు వికారాబాద్ స్టేషన్లో దిగి, బెంచీ మీద కూర్చున్నాను. మండుటెండలో షేర్వానీ. చేతిలో మా పెరటి మల్లెలు. పూలు కాగితంలో చుట్టకుండా తీసుకుపోవాలని జర్మన్ పాఠంలో ఉంది. చాయ్ అమ్మే అతను కాసేపు చూసి దగ్గరికి వచ్చాడు.

"ఎవ్వల కోసం చూస్తున్నరు దొరా?"

"మనిషి వస్తడు. జర్మనీ దొరసాని బంగళాకెళ్లి."

"ఆమె బంగళా గదే కద దొరా, గా చింతచెట్ల ఎనుక. గీడికెళ్లి పెంకులు కనవడ్తయి."

"తెలుసు."

"మరి పోరాదుండ్రి?"

"పిలువలే."

"పిలువకుంటే పూలెందుకు తెచ్చిండ్రు?"

పూలకు ఎండ తగలకుండా అటు చేతికి మార్చుకున్నాను. నాలుగు దాటింది, ఐదు దాటింది, ఎవరూ రాలేదు. వాడిన మల్లెలు అతనికే ఇచ్చి, సాయంత్రం బండికి తాండూరు వచ్చేశాను.

"కాఫీ ఎట్లుందన్నా?" అంది చెల్లెలు.

"తాగలే. మనిషిని పంపలే."

"మంచిగ చేసినవ్" అంది నాయనమ్మ. "మనిషిని పంపనోళ్లింటికి మనమెట్ల పోతం?"

"నాయనమ్మా, ఆమె ఒక్కతే ఉంటదట. ఎవర్ని పంపుతది, పిల్లినా?"

"పిల్లినన్న పంపొచ్చు గద!"

నాయనమ్మ మాట న్యాయమే. కానీ ఆ రాత్రి కంచం ముందు కూర్చుంటే బల్ల, కుర్చీ కళ్ల ముందు ఆడాయి.

మర్నాడు పొద్దున, బండలు చెక్కేవాళ్లను దారి అడుగుతూ, గడ్డి టోపీ, గొడుగుతో పంతులమ్మ మా వాకిట్లోకి వచ్చారు.

"మళ్లీ జ్వరమా?" అన్నారు జర్మన్లో.

"లేదండీ."

"మరి ఎందుకు రాలేదు? కేకు ముందు కూర్చుని ఎదురు చూశాను."

ఇంట్లోవాళ్లంతా వచ్చి నిలబడ్డారు. ఒక్క ముక్క ఎవరికీ అర్థం కాదు. చెప్పవలసింది నేనే, చెప్పవలసింది జర్మన్లోనే. మా మర్యాదకు ఆ భాషలో మాట లేదు. మాట లేకపోతే కథ చెప్పాలి. మా ముత్తాత ఒక పెళ్లికి పోయి, ఎవరూ ఎదురు రాలేదని ఊరి బయట మేనాలోనే కూర్చున్న వైనం చెప్పాను. మేనాకు మాట తెలియక చేతులతో మోసి చూపించాను. ఆవిడ మజ్జిగ తాగుతూ విన్నారు.

"గుమ్మం కనిపిస్తున్నా ఆగాలా?"

"కనిపిస్తే మరీ ఆగాలి. లేకపోతే దారి తెలియక ఆగాడంటారు."

ఆవిడ గ్లాసు కింద పెట్టారు. "సగం తప్పులు. కానీ నేను ఆపేదాకా ఆపలేదు మీరు. రెండో ఏడాదిలో కూర్చోండి." తర్వాత గడియారం చూసుకున్నారు. "కేకు ఇంకా ఉంది. ఇవాళ నాలుగు గంటలకు."

"ఏమంటుందిరా?" అంది నాయనమ్మ.

"నన్ను పిలువనీకి వచ్చింది."

నాయనమ్మ వెంటనే లేచి, ఆవిడ నుదుట తన చేత్తో బొట్టు పెట్టింది. "ఇంక నువ్వు పో బిడ్డా. సొంతంగ వచ్చి పిలిచినంక పోకుంటే మర్యాద గాదు."

"కేకు కోసం పోతుండు" అంది చెల్లెలు. నేను షేర్వానీ తొడుక్కున్నాను.

ఇద్దరం ఒకే బండిలో పోయాం. వికారాబాదులో చాయ్ అతను నన్ను గుర్తుపట్టాడు. "మనిషి వచ్చిండా దొరా?"

"వచ్చింది" అని, ముందు నడుస్తున్న గడ్డి టోపీని చూపించాను.

కేకు అప్పటికి మా తాండూరు బండలా ఉంది. తిన్నాను.

రెండో ఏడాది తరగతి మొదలైన రోజున ఆవిడ అందరితో, ఒంట్లో బాగాలేదేమోనని ఒక విద్యార్థిని చూడటానికి తాండూరు పోయానని చెప్పారు. నేను లేచి నిలబడి సరిదిద్దాను, జర్మన్లోనే: కాదు, పిలవడానికి వచ్చారు. ఆవిడ నా వాక్యంలో తప్పు దిద్దారు గానీ విషయం ఒప్పుకోలేదు. ఆ చదువు పూర్తయ్యేదాకా ఆవిడ ఒప్పుకోలేదు. నేనూ ఒప్పుకోలేదు. పిలవడానికే వచ్చారు.