మా ఆయన తనకు పని ఉందని రాయించుకున్న కథ

నేను నాలుగో తరగతి వరకే చదివాను. ఇట్లాంటిది రాయడం ఇదే మొదలు. అక్షరాలు తప్పు పోతే ఏమీ అనుకోవద్దు. జరిగింది జరిగినట్టే రాస్తాను.

మాది తాండూరు. మా ఆయన నాపరాళ్ళకు పాలిష్ పట్టే మిషన్ నడిపేవాడు. ఆ ఫ్యాక్టరీ మూతపడి అప్పటికి రెండు నెలలైంది. అయినా రోజూ పొద్దున్నే తయారై గేటు దాకా పోయి వచ్చేవాడు. ఎవరడిగినా ‘ఆపరేటర్‌ని’ అనే చెప్పేవాడు. పని లేదన్న మాట మాత్రం ఆయన నోటి నుంచి రాదు.

అప్పుడే వికారాబాద్ నుంచి ఒక అమ్మాయి ట్యాబ్ పట్టుకుని వచ్చింది. ఎవరికి పని ఉంది, ఎవరికి లేదు అని సర్కారు సర్వే అట.

“నువ్వేం పని జేస్తవ్ అక్కా?”

“నాకేం పని బిడ్డా, ఇంట్లనే ఉంట.”

ఆమె మంచం మీద చీరల కుప్ప చూసింది. “మరి గవేంది?”

“గల్లీ వాళ్ళయి. ఫాల్ కుడుత.”

“పైసలిస్తరా?”

“మరి ఊకెనే కుడుతనా?”

“అయితే నీకు పనున్నట్టే అక్కా. వారంల ఒక్క గంట జేసినా చాలు.”

నాకు నమ్మకం కుదరలేదు. “మరి వంట, బోళ్ళు, బట్టలు?”

“అవి గీ లెక్కల రావక్కా.”

మా ఆయన పగలబడి నవ్వాడు. తర్వాత ఆయన వంతు వచ్చింది.

“పోయిన ఏడు దినాలల్ల ఒక్క గంటన్న పనిజేసినవా అన్నా?”

“రోజు మిషన్ కాడికి పోతున్న గదా.”

“పోయి ఏం జేసినవ్?”

“అడిగిన.”

“ఏమని?”

“ఎప్పుడు తెరుస్తరని. పనేమన్న ఉందా అని.”

నేను కొంగు అడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగలేదు. ఆమె మాత్రం నవ్వలేదు. “పని లేదు, వెతుకుతున్నడు అని రాస్తున్న” అంది.

“ఆమెకు పనుంది, నాకు లేదా? గిదేం లెక్క చెల్లె!” అని చెప్పులేసుకుని బయటికి పోయాడు.

ఆ అమ్మాయి ఇంకా మా గల్లీలోనే వేరే ఇంట్లో రాసుకుంటుండగా తిరిగొచ్చాడు. ఒళ్ళంతా రాతి దుమ్ము. రోడ్డు మీద లారీకి బండలు ఎక్కిస్తుంటే తనూ ఒక చెయ్యి వేశాడట.

“చెల్లే, గంట పైనే జేసిన. మార్చు.”

“నిన్నటి దాంక ఏడు దినాలే రాస్తమన్నా. ఇయ్యాల్టిది లెక్కకు రాదు.”

“జర రాయరాదు! చూడు, చెమట గూడ ఆరలే.”

“వచ్చే నెల మళ్ళ వస్త. అప్పుడు రాస్త.”

ఆ మాట ఆయనను పట్టుకుంది. తెల్లారి ఆ లారీ మేస్త్రి దగ్గరికే పోయాడు. మర్నాడూ పోయాడు. ‘ఆపరేటర్‌ని, నేను బండలు మోసుడేంది’ అన్న మనిషి నెలంతా మోశాడు.

నెల తిరిగింది. వస్తున్నానని ఆ అమ్మాయి ముందే ఫోన్ చేసింది. మా ఆయన తల దువ్వుకుని, ఇస్త్రీ అంగీ తొడుక్కుని గడపలో కూర్చున్నాడు.

“ఇయ్యాల పనికి పోలేదా అన్నా?”

“నాకు పనుందని నీకు జెప్పాలె గదా చెల్లె. అందుకే నాగా పెట్టిన.”

ఈసారి ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే పని ఉందని రాసింది. మా ఆయన ట్యాబ్‌లోకి తొంగి చూసి, దాన్ని రెండుసార్లు చదివించుకున్నాడు.

నాకు తెలిసినంత రాశాను. తప్పులు మీ కంట పడే ఉంటాయి. పెద్ద మనసుతో క్షమించండి.