బాబాయి చెప్పని అంకె

బందరులో ఇన్‌కంటాక్స్ పనులు చేసిపెట్టే ఆఫీసు తెరిచినప్పుడు నా మొదటి క్లయింటు మా బాబాయి, అంటే పిన్ని భర్త. ఆయనకి కృత్తివెన్ను దగ్గర రొయ్యల చెరువులున్నాయి. పన్ను మీద భక్తితో రాలేదు, నా గదిలో ఖాళీ కుర్చీలు చూసి జాలిపడి వచ్చాడు. ఆ సంగతి పిన్ని నా మొహం మీదే చెప్పేసింది. "నీకు బోణీ చేద్దామన్నాడులే."

ఆ బోణీయే నాకు చుక్కలు చూపించింది. నెలజీతాల వాళ్ళకి ఏ బాధా లేదు. పన్ను కోసుకుని మిగతాది చేతిలో పెడతారు. మా అమ్మ ముప్పై ఏళ్ళు స్కూల్లో పాఠాలు చెప్పింది గానీ, తానూ టాక్స్ కడుతున్నానని ఏడాదికోసారి ఫారం మీద సంతకం పెట్టేటప్పుడే గుర్తొచ్చేది ఆవిడకి. సొంత వ్యాపారం చేసేవాళ్ళ సంగతి అలా కాదు. ఈ ఏడాది ఎంత మిగులుతుందో ముందే అంచనా వేసుకుని, దానిమీద పన్నును నాలుగు వాయిదాల్లో కట్టాలి. జూన్ పదిహేనుకల్లా పదిహేను శాతం, సెప్టెంబరుకి మొత్తం కలిపి నలభై ఐదు, డిసెంబరుకి డెబ్బై ఐదు, మార్చి పదిహేనుకి పూర్తిగా. తక్కువ కడితే వడ్డీ పడుతుంది. అంచనా తప్పితే తర్వాతి వాయిదాలో సరిచేసుకోవచ్చు. ఎక్కువ కట్టింది రిటర్న్ వేశాక తిరిగొస్తుంది. ఇదంతా చెరువు గట్టు మీద కూర్చుని వేళ్ళు ముడిచి మరీ చెప్పాను.

బాబాయి శ్రద్ధగా విన్నాడు. "బాగానే ఉంది. ఆ అంచనా ఎవరు వేస్తారు?"

"నువ్వే. ఈ ఏడాది ఎంత మిగలొచ్చో చెప్పు."

ఆయన లేచి, తువ్వాలు దులుపుకుని, చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్ చూడాలంటూ వెళ్ళిపోయాడు.

చెరువులో రొయ్య ఉండగా ఎంత వస్తుందో నోటితో అనకూడదని నాకప్పుడు తెలిసింది. వలేసి చూస్తారు, కిలోకి ఎన్ని తూగుతున్నాయో చూస్తారు, లోపల లెక్కలన్నీ కట్టుకుంటారు. ఎవరైనా అడిగితే మాత్రం "ఏదోలెండి, ఉంది" అంటారు. మావాళ్ళు క్రైస్తవులు. గుమ్మానికి దిష్టి గుమ్మడికాయ కట్టినవాళ్ళని చూస్తే పిన్నికి నవ్వు. ఈ విషయం దగ్గరికొచ్చేసరికి మాత్రం, "దిష్టీ కాదు ఏం కాదు. ఇచ్చేవాడు ఇవ్వకముందే మనం ఎంచుకోవడం గర్వం కాదుటే?" అంటుంది. బాబాయి అంత దూరం వెళ్ళడు. "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మీ గవర్నమెంటు" అని తేల్చేశాడు.

మొదటి ఏడాది ఆయన నోరు విప్పలేదు, వాయిదాలు కట్టలేదు. పంట బ్రహ్మాండంగా వచ్చింది. చివరికి వడ్డీతో కలిపి కట్టాల్సొచ్చింది. ఆయన పల్లెత్తు మాట అనలేదు గానీ నాకే పౌరుషం పొడుచుకొచ్చింది. మొదటి క్లయింటుకే వడ్డీ వేయించిన ఘనత నాది మరి.

రెండో ఏడాది జూన్‌లో పిన్ని దారి చూపించింది. "ఆయన్ని అంకె అడక్కు. మేత ఎన్ని బస్తాలు వేశాడో నేను చెప్తాను, మిగతాది నువ్వు చూసుకో" అంది. వేసిన మేతని బట్టి రొయ్య ఎంత ఉంటుందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. అలా జూన్ వాయిదా గట్టెక్కింది. సెప్టెంబరులోనూ అలాగే చేసి ఊరుకోవాల్సింది. నా నోరు ఊరుకోదే! రెండో పంట చెరువులో ఏపుగా ఉంది. "నన్ను నమ్మి పని ఇచ్చావు, ఒక్క అంకె చెప్పలేవా బాబాయ్? నువ్వు చెప్తే రొయ్యలు వింటాయా?" అని పనివాళ్ళందరి ముందూ పట్టుబట్టాను. పిన్ని వద్దని సైగ చేస్తున్నా చూడనట్టు నటించాను. బాబాయి నా మొహంలోకి చూసి, గొంతు బాగా తగ్గించి చెప్పాడు. ఆ అంకె మీద వాయిదా కట్టించి, ఏదో గెలిచినట్టు బస్సెక్కాను.

మూడు వారాలు తిరక్కుండా వైట్ స్పాట్, అంటే తెల్లమచ్చల రోగం వచ్చింది. చచ్చిన రొయ్య గట్ల వెంట తేలింది. మిగిలిన చిన్న రొయ్యని హడావిడిగా పట్టించి అయినకాడికి అమ్మేశారు. ఆ వానల్లో అదే రోగం తగిలి చుట్టుపక్కల చాలా చెరువులు పోయాయి. అది వైరస్ అని, నా నోటికీ దానికీ సంబంధం లేదని నాకు తెలుసు. అన్నీ తెలిసి కూడా నేను అడగబట్టే పోయిందనుకున్నాను.

డిసెంబరు వాయిదాకి అంచనా తగ్గించాను. ఇక కట్టాల్సింది లేదని, కట్టేసినది రిటర్న్ వేశాక వస్తుందని ఫోన్లో చెప్పాను. బాబాయి సరేనన్నాడు. మళ్ళీ సీడు, అంటే రొయ్యపిల్లలు, వేయడానికి డబ్బులు వెతుక్కుంటున్నాడని అమ్మ చెప్పింది. నా మాట విని కట్టిన డబ్బు మాత్రం ప్రభుత్వం దగ్గర కూర్చుంది.

ప్రతి క్రిస్మస్‌కీ నా భోజనం పిన్ని ఇంట్లోనే. చిన్నప్పటి నుంచీ అది నాకు రెండో ఇల్లు. ఆ ఏడు జ్వరమని అబద్ధమాడాను. తిడతారని కాదు నా భయం. తిట్టకుండా, ఎప్పటిలాగే అన్నం పెడుతూ, లోపల మాత్రం దీని నోటివల్లే పోయిందని అనుకుంటారేమోనని. పిన్ని బస్సు డ్రైవరు చేత కజ్జికాయలు పంపించింది. ఏడుస్తూనే అన్నీ తిన్నాను.

జూన్ వచ్చింది. వెళ్ళక తప్పలేదు. ఈసారి బుద్ధిగా పిన్ని దగ్గరికే వెళ్ళి, "మేత ఎన్ని బస్తాలయిందో చెప్తే చాలు పిన్నీ" అన్నాను.

షెడ్డులో మేత కొలుస్తున్న బాబాయి తలెత్తాడు. "బస్తాలెందుకు? అంకె రాసుకో" అని, చెప్పేశాడు. మామూలుగా కాదు, గట్టు అవతలికి వినపడేలా. పనివాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. పిన్ని "ఏవండీ!" అంది.

"ఎందుకంత గట్టిగా బాబాయ్?" అన్నాను.

"గట్టిగానే అంటాను. నువ్వడగబట్టే పోయిందని పోయినేడు ఇద్దరు ముగ్గురన్నారు. రెండ్రోజులు నేనూ అనుకున్నానమ్మా, అబద్ధమెందుకు. క్రిస్మస్‌కి నువ్వు రాకపోయేసరికి నామీద నాకే సిగ్గేసింది. పంట పోతే మళ్ళీ వేసుకుంటాం. నువ్వు ఇంటికి రాకపోతే ఎలా?"

నేను రాసుకోవడానికి కాగితం తీశాను. ఆయన చెప్పిన అంకె ఒక్క ముక్క గుర్తులేదు.

"మళ్ళీ చెప్పు బాబాయ్" అన్నాను.

మళ్ళీ చెప్పాడు. పక్క చెరువు మీదవాళ్ళు కూడా ఇటు తిరిగి చూశారు.